ఇన్‌స్పెక్టరుగారి కన్నీటి గాథ

ఆ రోజు పొద్దున చెకింగ్ ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానాల గదిలో తల రుద్దుకుంటూ నాటకంలో తన కొత్త డైలాగు ఒక పేజీ బట్టీ పట్టాలి. నీళ్ళు చల్లారేలోగా స్నానం ముగించాలి. ఆ తర్వాత మామూలుగా నల్ల సంచీ భుజాన తగిలించుకుని, మార్కెట్ మలుపులో కరెంటు స్తంభం వెనక నిలబడి, మొదట వచ్చిన సిటీ బస్సు ఎక్కి, టికెట్ లేనివాళ్ళని ఏరాలి. ఇంతే. ఇందులో ఎవరికైనా ముప్పు వచ్చే వీలుందని ఆయనకి తోచలేదు.

ఆయన బస్సెక్కాడంటే కునుకు తీస్తున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి జేబులు తడుముకునేవారు. కండక్టర్లు ఆయనకి ‘జిగురు’ అని పేరు పెట్టుకున్నారు. అంటుకుంటే వదలడని. నిజానికి ఆయన ఎవర్నీ తిట్టడు, గొంతు పెంచడు. “టికెట్?” అంటాడు. టికెట్ లేనివాళ్ళు చెప్పే కథ మొత్తం ఓపిగ్గా వింటాడు. పర్సు కొట్టేశారంటారు, ఆస్పత్రిలో బావగారు అంటారు, ఇంటికి నిప్పంటుకుంది అంటారు. ఒక సంచీ పెద్దమనిషైతే పట్టుబడ్డ ప్రతిసారీ మేనత్తని చంపేవాడు. ఇన్‌స్పెక్టరు అన్నీ విని, “అయ్యో” అని, జరిమానా రసీదు చింపి చేతిలో పెట్టేవాడు.

అందుకే డిపోల మధ్య నాటకాల పోటీ వచ్చినప్పుడు విలన్ వేషానికి ఎవర్నీ వెతకలేదు. “మేకప్ కూడా అక్కర్లేదు” అన్నాడు డిపో మేనేజరు. ఇన్‌స్పెక్టరు నొచ్చుకోలేదు సరికదా, లోలోపల పొంగిపోయాడు. చిన్నప్పట్నుంచీ ఆయనకి విలన్లంటేనే ఇష్టం. హీరోకి ఏముంది, పాట పాడతాడు, ఆఖర్న తంతాడు. మధ్యలో కథంతా భుజాన మోసేది విలనేగా అని ఆయన నమ్మకం. విలన్ నవ్వు ఒకటి ఏళ్ళ తరబడి సాధన చేసి దాచుకున్నాడు. అది కడుపులో మొదలై, మెట్లెక్కుతున్నట్టు పైకి వచ్చి, పైమెట్టు మీద ఆగి చూసేది.

నాటకం రాసింది డిపో టైంకీపరు. కథ సులువే. నదికి ఒకే పడవ, ఆ పడవ విలన్‌ది. వరదలో హీరోయిన్ తండ్రికి ప్రాణం మీదికొస్తే, ఆస్పత్రికి దాటించనని మొండికేస్తాడు. హీరో తెడ్డు పుచ్చుకుని బుద్ధి చెబుతాడు. తెర. ఇది అందరికీ కంఠతా వచ్చాక, ఈ స్నానానికి ముందురోజు సాయంత్రం టైంకీపరు చంకలో కొత్త కాగితాలతో ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చాడు.

“సార్, మీ పాత్రని ఎవరూ నమ్మరండీ” అన్నాడు కూర్చోకుండానే.

“ఎందుకు నమ్మరు?”

“ఊరికే దుర్మార్గుడంటే ఈ రోజుల్లో చెల్లదు సార్. ఎందుకలా అయ్యాడో చెప్పాలి. వెనకాల ఒక విషాదం ఉండాలి. అప్పుడు జనం ముందు నమ్ముతారు, తర్వాత జాలిపడతారు, ఆఖరికి ప్రేమిస్తారు.”

“టికెట్ లేనివాళ్ళు రోజూ నాకు విషాదాలే చెబుతారయ్యా. వాళ్ళలో ఒక్కణ్ణీ నేను ప్రేమించలేదే?”

“మీరు వేరు సార్. జనం వేరు.”

టైంకీపరు రాసుకొచ్చిన విషాదం ఏమిటంటే, విలన్‌ని చిన్నప్పుడు వాళ్ళమ్మ జోరువానలో బస్టాండులో కూర్చోబెట్టి, ఒళ్ళో చంటితమ్ముణ్ణి పెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తమ్ముడికి జ్వరం వచ్చింది. ఆస్పత్రి నదికి అవతల ఉంది. పడవవాడు దాటించనన్నాడు. తమ్ముడు దక్కలేదు. ఆ కసితో పెద్దయ్యాక ఇతనే పడవ కొన్నాడు.

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “తమ్ముణ్ణి దాటించలేదని కుమిలినవాడు, ఇంకొకళ్ళ తండ్రిని దాటించనంటాడా? ఇదెక్కడి న్యాయం?”

“అదే సార్ విషాదం!”

వాదించి లాభం లేదని ఇన్‌స్పెక్టరు కాగితాలు తీసుకున్నాడు. టైంకీపరు గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. “ఒక్క మాట సార్. పోటీ రోజు దాకా ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మనవాళ్ళక్కూడా చెప్పొద్దు. పోయినసారి నా క్లైమాక్సు పక్క డిపోవాళ్ళు ఎత్తుకుపోయారు.” ఇన్‌స్పెక్టరు మాటిచ్చాడు. ఆయన మాటిచ్చాడంటే అది రూల్సు పుస్తకంలో అచ్చయినట్టే.

అలా ఆ పొద్దున స్నానాల గదిలో విషాదం మొదలైంది. కాగితం అద్దానికి అంటించి, నెత్తిన షాంపూ పోసుకుని, ఇన్‌స్పెక్టరు గొంతెత్తాడు. “అమ్మా! ఎందుకమ్మా నన్ను వదిలేసి వెళ్ళావు? వానలో, ఆ బస్టాండులో, నీకోసం ఎంతసేపని చూడనమ్మా!” సరిగ్గా అప్పుడే నురగ కళ్ళలో పడింది. మంటకి నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది. మగ్గు దొరకలేదు. గోడలు తడుముకుంటూ “అమ్మా! అమ్మా! కళ్ళు కనపడట్లేదమ్మా!” అని ఆయన పెట్టిన కేక టైంకీపరు రాసింది కాదు, కానీ అన్నిట్లోకీ అదే బాగా పండింది.

సిబ్బంది క్వార్టర్సులో స్నానాల గదుల గాలిగూళ్ళన్నీ ఒకే చీకటి సందులోకి తెరుచుకుంటాయి. పై అంతస్తులో బట్టలు జాడిస్తున్న లేడీ కండక్టరు చేతిలో తడి చొక్కా అలాగే ఆగిపోయింది. నాటకంలో హీరోయిన్ ఆవిడే. డ్యూటీలో ఫోను మాట్లాడుతోందని ఇన్‌స్పెక్టరు తన మీద రిపోర్టు రాసినప్పట్నుంచీ ఆవిడకి ఆయనంటే ఒళ్ళుమంట. వేదిక మీద తప్ప మాటల్లేవు. అలాంటి మనిషి బకెట్ మీద కూలబడి, తడి చొక్కాతోనే కళ్ళొత్తుకుంది.

బస్టాపులో ఆవిడే ఎదురొచ్చింది. “సార్… పొద్దున మీ గొంతు… గాలిగూట్లోంచి వినపడింది.”

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూశాడు. ఇచ్చిన మాట ఒక్క పూటైనా నిలవలేదు! “విన్నారా? మొత్తం విన్నారా?”

“మొత్తం విన్నాను సార్.”

“తమ్ముడి సంగతి కూడానా?”

“తమ్ముడు కూడానా!” అంటూ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అది ఇంకా ఘోరం. తలుచుకుంటే నాకే వణుకు. మీకు దణ్ణం పెడతానమ్మా, ఈ విషయం ఎవరికీ చెప్పకండి. ఇన్నాళ్ళూ దాచింది బయటపడితే నా పరువు పోతుంది.”

“నా ప్రాణం పోయినా చెప్పను సార్” అంది లేడీ కండక్టరు. ఆవిడ ప్రాణానికేమీ కాలేదు. మధ్యాహ్నానికల్లా డిపోలో ఆ సంగతి తెలియనివాడు ఇన్‌స్పెక్టరు ఒక్కడే.

మొదటి తేడా క్యాంటీనులో కనిపించింది. ఎప్పుడూ టీగ్లాసు బల్ల మీద టక్కున కొట్టి పోయే క్యాంటీను ఆవిడ, ఆ రోజు రెండు చేతులతో పట్టుకొచ్చి, “పంచదార ఇంకొంచెం వెయ్యనా నాన్నా?” అంది. ఇన్‌స్పెక్టరు తన వెనక ఎవరైనా చిన్నపిల్లాడు ఉన్నాడేమోనని తిరిగి చూశాడు. ఒక డ్రైవరు, నాటకంలో హీరో వేషం వేసే ఆరడుగుల మనిషి, వచ్చి భుజం మీద చెయ్యి వేసి నిట్టూర్చి వెళ్ళిపోయాడు. నాటకంలో కొట్టడానికి కొలత చూసుకున్నాడు కాబోలనుకున్నాడు ఇన్‌స్పెక్టరు.

అసలు దెబ్బ బస్సులో తగిలింది. మార్కెట్ మలుపులో ఎక్కగానే సంచీ పెద్దమనిషి దొరికిపోయాడు. ఇన్‌స్పెక్టరు అలవాటుగా మేనత్త చావు వినడానికి సిద్ధపడి, “టికెట్?” అన్నాడు. పెద్దమనిషి మేనత్త జోలికి పోలేదు. కండక్టరు అప్పటికే ఆయన చెవిన వేసినట్టుంది. లేచి నిలబడి, ఇన్‌స్పెక్టరు చేతులు రెండూ పట్టుకుని, “బాబూ, నీ కష్టం ముందు నాదొక కష్టమా? తల్లి వదిలేసిన బిడ్డవి!” అని బావురుమన్నాడు.

“టికెట్ ఉందా లేదా?”

“పాపం, గుండెలో అగ్నిపర్వతం పెట్టుకుని డ్యూటీ చేస్తున్నాడమ్మా!” అంది వెనక సీటావిడ. బస్సంతా ముక్కులు ఎగబీల్చింది. ఎవరో కిటికీ పక్క సీటిచ్చి కూర్చోబెట్టారు. ఇంకెవరో మంచినీళ్ళ సీసా నోటికి అందించారు. ఈ సందట్లో టికెట్ లేనివాళ్ళంతా తర్వాతి స్టాపులో ఒక్కొక్కరే ఆయన తల నిమిరి దిగిపోయారు.

రోజులు గడిచేకొద్దీ రోగం ముదిరింది. ‘జిగురు’ ఎక్కితే ఎవరికీ భయం లేకుండా పోయింది. రసీదు పుస్తకం తీస్తే చాలు, “రాసుకో నాయనా, అలాగైనా మనసు తేలికపడుతుంది” అనేవారు. చివరికి ఒకరోజు మేనేజరు కబురు పెట్టాడు.

చీఫ్ ఇన్‌స్పెక్టరు కుర్చీ ఖాళీ అయి చాలాకాలమైంది. అది తనకే వస్తుందని ఇన్‌స్పెక్టరుకీ తెలుసు, డిపోకీ తెలుసు. అందుకే చొక్కా ముడతలు సరిచేసుకుని లోపలికి వెళ్ళాడు.

“కూర్చోండి” అన్నాడు మేనేజరు మెత్తగా. “చీఫ్ పోస్టుకి మీ పేరే రాద్దామనుకున్నాను. కానీ ఇంత బరువు మోస్తున్న మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టడానికి మనసు రావట్లేదు. కొన్నాళ్ళపాటు, బస్సుల్లో జనం పోగొట్టుకున్న సామాన్ల గదిలో కూర్చోండి. ప్రశాంతంగా ఉంటుంది.”

“బరువేంటి సార్?”

“అమ్మ లేని లోటు ఎవరు తీరుస్తారు చెప్పండి.”

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. “మా అమ్మకేం సార్, బాగానే ఉంది!”

“ఉంటారు. ఎక్కడున్నా బాగానే ఉంటారు” అంటూ మేనేజరు కప్పు వైపు చూశాడు.

“పైన కాదు సార్, అక్కయ్య దగ్గరుంది!”

“అయ్యో, అక్కయ్యగారు కూడా…” మేనేజరు లేచి వచ్చి ఇన్‌స్పెక్టరుని కౌగిలించుకున్నాడు.

ఆ కౌగిట్లో, మేనేజరు చొక్కా గుండీ ముక్కుకి ఒత్తుకుంటుండగా, ఇన్‌స్పెక్టరుకి జరిగినదంతా గాలిగూటితో సహా కళ్ళకి కట్టింది. విడిపించుకుని పరుగున వెళ్ళి లేడీ కండక్టరుని పట్టుకున్నాడు. “అమ్మా, మీరు విన్నది నా బతుకు కాదు. అదంతా ఒట్టి నాటకం!”

ఆవిడ తల పంకించింది. “అంతే సార్. ఆలోచిస్తే బతుకంతా నాటకమేగా.”

పోయిన సామాన్ల గదిలో కిటికీ లేదు. హుక్కులకి గొడుగులు, అరల్లో టిఫిను డబ్బాలు, ఒక మూల జత లేని చెప్పులు, గాజుసీసాలో ఎవరివో కట్టుడుపళ్ళు. వాటి మధ్య కూర్చుని ఇన్‌స్పెక్టరు కట్టుడుపళ్ళకేసి చూశాడు. అవి నవ్వుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య ఉల్లాసంగా ఉంది. బల్ల మీద మూతలు పెట్టిన గిన్నెలు వరసగా ఉన్నాయి. “చుట్టుపక్కల వాళ్ళు ఇచ్చారండీ. మీకు తమ్ముడున్నాడని నాకెప్పుడూ చెప్పలేదే?” అని నవ్వింది. ఆయన సంగతంతా చెప్పాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఇంకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “పోటీ అయ్యేదాకా ఇలాగే ఉండనివ్వండి” అంది.

“ఏంటే, నన్ను అనాథని చేస్తావా?”

“ఇన్నేళ్ళలో మనల్ని చూసి లిఫ్టు తలుపులు మూసేవాళ్ళే గానీ ఆపేవాళ్ళు లేరు. ఈ వారం నాకోసం ఆపుతున్నారండీ.”

ఇన్‌స్పెక్టరు గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టాడు. ఆ మాట ఆయనకీ ఎక్కడో తగిలింది. క్యాంటీను ఆవిడ ‘నాన్నా’ అన్నప్పుడు కాస్త బాగానే అనిపించిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. “అంటే నేను అబద్ధంగా మంచివాణ్ణయ్యానన్నమాట.”

“మీరు నిజంగానే మంచివారు. కారణం ఒక్కటే అబద్ధం.”

“కారణం ఎందుకే అసలు? బస్సెక్కితే టికెట్ కొనాలి. ఈ చిన్న ముక్క నమ్మడానికి వెనకాల నన్ను ఎవరో వానలో వదిలెయ్యాలా? అమ్మా నాన్నా కడుపునిండా అన్నం పెట్టి పెంచితే మనిషి టికెట్ అడగకూడదా?”

దీనికి సమాధానం చెప్పే తీరిక ఆవిడకి లేదు. కొడుకు వేషం చూడ్డానికి రమ్మని అత్తగారికి ఆ వారం మొదట్లోనే ఫోను చేసి పిలిచానన్న సంగతి అప్పుడే గుర్తొచ్చి, ఆయనకి చెప్పకుండా గిన్నెలు సర్దడంలో పడింది. అత్తగారు బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. ఆవిడ మాట్లాడితే మైదానం అవతల పిల్లలు ‘అటెన్షన్’లో నిలబడేవారు.

చివరి రిహార్సల్ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. క్లైమాక్సులో హీరోయిన్ విలన్ కాలరు పట్టుకుని, “నువ్వు మనిషివేనా? రాతికి పుట్టావా?” అనాలి. లేడీ కండక్టరు కాలరు పట్టుకుని, సవరించి, వదిలేసింది. “పుట్టుక మాట నా నోట రాదండీ. ఈయన్నా అనేది!” హీరో డ్రైవరైతే తెడ్డు ఎత్తి, ఇన్‌స్పెక్టరు మొహం చూసి, దాంతో తన కాలే గోక్కున్నాడు. టైంకీపరు మాత్రం చేతులు నలుపుకుంటూ తిరిగాడు. “చూశారా సార్! డైలాగు వినకుండానే ప్రేమిస్తున్నారు. వింటే ఏమైపోతారో!”

పోటీ రోజు మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు, వెనక అన్ని డిపోల సిబ్బంది, పెళ్ళాం పిల్లలతో సహా. తెర లేచేసరికి ఇన్‌స్పెక్టరుకి తల తిరిగింది. వేదిక నెత్తిన పెద్ద గుడ్డ కట్టి ఉంది. “అమ్మ లేకపోతేనేం, మేమున్నాం! – మీ డిపో కుటుంబం”. నాటకం అయ్యాక సన్మానం కూడా పెట్టుకున్నారట. న్యాయనిర్ణేతలు అది నాటకం పేరనుకుని రాసుకున్నారు.

మొదటి సగం ఎలాగో గట్టెక్కింది. వరద వచ్చింది. అంటే ఇద్దరు క్లీనర్లు నీలం గుడ్డ చెరో కొసా పట్టి ఊపారు. హీరోయిన్ వచ్చి తండ్రిని దాటించమంది. విలన్ కుదరదన్నాడు. తర్వాత, కొత్త కాగితాల ప్రకారం, ఇన్‌స్పెక్టరు వేదిక మధ్యకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“అమ్మా! ఎందుకమ్మా నన్ను వదిలేసి వెళ్ళావు?”

ఆ ఒక్క ముక్కకి హాలు కట్ట తెగింది. ఇన్నాళ్ళూ గుసగుసగా విన్న విషాదం ఆయన నోటంట నేరుగా వినేసరికి డిపో మొత్తం గొల్లుమంది. మేనేజరు రుమాలు చాల్లేదు, పక్కాయనది లాక్కున్నాడు. “వానలో! ఆ బస్టాండులో!” అనేసరికి నీలం గుడ్డ పట్టిన క్లీనర్లు కొస వదిలేసి కళ్ళు తుడుచుకున్నారు. వరద ఆగిపోయింది. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి లేడీ కండక్టరు తట్టుకోలేకపోయింది. ఆవిడ పరుగున వచ్చి విలన్ పక్కన కూలబడి, “పోనివ్వండి సార్! మా నాన్న పోతే పోయాడు గానీ మీరు ఏడవకండి!” అంది.

మంచం మీద ప్రాణం మీదికొచ్చి పడుకున్న తండ్రి తల ఎత్తి చూశాడు. హీరో తెడ్డు కింద పడేసి, “నావల్ల కాదు. ఈ మనిషి మీద చెయ్యి ఎత్తితే నా చెయ్యి పడిపోతుంది” అన్నాడు. తెర పక్క నుంచి టైంకీపరు రెండు చేతులూ ఊపుతున్నాడు. కొట్టమంటున్నాడో, కొట్టొద్దంటున్నాడో ఆయనకే తెలియదు. ఇంక నాటకంలో జరగాల్సింది ఏమీ మిగల్లేదు. అందరూ విలన్‌కి క్షమాపణ చెప్పుకుని ఇళ్ళకి పోవడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది.

“ఎవర్రా నిన్ను వదిలేసింది?”

హాల్లో సగంమంది తమకి తెలియకుండానే వీపులు నిటారు చేసుకున్నారు. ఒక పెద్దావిడ, చేతిలో ఊరినుంచి తెచ్చిన సంచీ దింపకుండానే, నడవలో అడుగులు పడేసుకుంటూ వస్తోంది. “నేను వదిలేశానా? బడికి పోనని గుమ్మం పట్టుకుంటే, రోజూ చెవి పట్టుకుని లాక్కెళ్ళింది ఎవర్రా? వానలో వదిలేశానా? తుమ్మితే మూడు రోజులు గడప దాటనిచ్చానా? పైగా తమ్ముడు! నా కడుపున నాకు తెలీకుండా తమ్ముడెక్కణ్ణుంచి పుట్టాడు?” ఆవిడ వేదిక కిందికొచ్చి, వేదిక నెత్తిన గుడ్డ మీది రాత చదివింది. “అమ్మ లేకపోతేనేం? ఎవడ్రా రాసింది?”

మేనేజరు కుర్చీలో కిందికి జారాడు. మూడొందల జతల కళ్ళు పెద్దావిడ మీంచి ఇన్‌స్పెక్టరు మీదికి తిరిగాయి. లేడీ కండక్టరు మెల్లగా ఆయన పక్కనుంచి లేచింది. కొడుకుగా ఇప్పుడేమని సంజాయిషీ చెప్పాలి? ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ మీదే ఉండి తల్లిని చూశాడు. తెడ్డు చూశాడు. ఇన్నేళ్ళుగా బస్సుల్లో తనకి మేనత్తల చావులు చెప్పిన మొహాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఒక్కొక్కడూ ఎంత బాగా చెప్పేవాడు! దొరికాక ఎంత హాయిగా నవ్వేవాడు!

ఆయన కడుపులో ఏదో మొదలైంది. మెట్లెక్కుతూ పైకి వచ్చింది.

“హ… హహ… హహహహా!”

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి, పైపంచె దులుపుకుని, వేదిక అంచుకి వచ్చాడు. “చూశారా! మా అమ్మ నిక్షేపంలా ఉంది! వానా లేదు, బస్టాండూ లేదు, తమ్ముడు అసలే లేడు! రెండు కన్నీటిబొట్లు కార్చేసరికి అంతా నమ్మారు. కన్నకూతురు తండ్రిని మరిచిపోయింది, మొనగాడు తెడ్డు కింద పడేశాడు! ఏడుపు ఒక్కటి చాలదుట్రా, ఈ ఊళ్ళో పడవ ఆపడానికి? హహహహా!”

హాల్లో లేచిన అరుపుకి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. “ఓరి దుర్మార్గుడా!” అని ఒకడు, “నా టీలో పంచదార తిరిగివ్వరా!” అని క్యాంటీను ఆవిడ, “నా రుమాలు!” అని మేనేజరు పక్కాయన. అందరికంటే ముందు మండింది లేడీ కండక్టరుకి. ఆవిడ కార్చిన కన్నీళ్ళు అప్పు కాదు, సొంతవి. ఒక్క అంగలో వచ్చి కాలరు దొరకబుచ్చుకుంది. “నువ్వు మనిషివేనా?” అని, తల్లికేసి తిరిగి, “మీరు ఏమీ అనుకోకండమ్మా” అని, మళ్ళీ ఇటు తిరిగి, “రాతికి పుట్టావా!” అని ఆవిడ అరిచిన అరుపు వెనకాల బస్సు డిపో దాకా వినిపించిందని చెబుతారు.

“వెయ్యి తల్లీ, ఒకటి వెయ్యి!” అంది పెద్దావిడ కింది నుంచి. “ఒరేయ్, ఆ పిల్ల తండ్రిని పడవెక్కిస్తావా లేదా?”

హీరో తెడ్డు తీశాడు. ఈసారి కాలు గోక్కోలేదు. క్లీనర్లు గుడ్డ లాగి పట్టుకుని, ఉన్న కోపమంతా వరదలోకి ఊపారు. ఇన్‌స్పెక్టరు మూడు దెబ్బలు తిని, ఒక్కోదానికీ ఒక్కో నవ్వు నవ్వి, నాలుగోదానికి నీలం గుడ్డలో పడి కొట్టుకుపోయాడు. మంచం మీది తండ్రి ఆనందం పట్టలేక తనే లేచి పడవెక్కాడు. తెర పడ్డాక కూడా జనం కూర్చోలేదు. చప్పట్లు కొడుతూనే తిడుతున్నారు, తిడుతూనే చప్పట్లు కొడుతున్నారు. తెర వెనక నేల మీద పడుకుని ఆ హోరు వింటున్న ఇన్‌స్పెక్టరుకి, తన జన్మలో ఇంతకంటే తియ్యటి శబ్దం వినలేదనిపించింది.

మొదటి బహుమతి ఆ డిపోకే వచ్చింది. “విలన్ చెప్పిన విషాదాన్ని అందరిచేతా నమ్మించి, ప్రేక్షకుల్లోంచే తల్లిని లేపి అది అబద్ధమని తేల్చడం అపూర్వం. నమ్మినందుకు మేమూ సిగ్గుపడ్డాం” అన్నారు న్యాయనిర్ణేతలు. టైంకీపరు లేచి, ఆ ఊహ తనకి మొదట్నుంచీ ఉందని వంగి నమస్కారం పెట్టాడు. ఉత్తమ విలన్ బహుమతి ఇన్‌స్పెక్టరుకి, ఉత్తమ సహజ నటన బహుమతి వాళ్ళమ్మకీ ఇచ్చారు. “నటనేంటండీ, నాకు నిజంగానే ఒళ్ళు మండింది” అని ఆవిడ మైకులో చెబితే, ఎంత వినయమో అని మళ్ళీ చప్పట్లు కొట్టారు. దిగుతూ కొడుకు భుజం మీద చరిచి, “ఏడ్చినప్పుడు చూడలేకపోయాన్రా. నవ్వినప్పుడు బావున్నావు” అంది. మేనేజరు అక్కడికక్కడే రుమాలు పిండుకుని, అంతమందిని ఒక్క దెబ్బతో వణికించినవాడికి మించి చీఫ్ ఇన్‌స్పెక్టరు ఎవరు దొరుకుతారన్నాడు.

మర్నాటి నుంచి అన్నీ ఎప్పటిలాగే అయ్యాయి. క్యాంటీనులో టీగ్లాసు టక్కుమంది. ఇన్‌స్పెక్టరు భార్య వస్తుంటే మాత్రం లిఫ్టు ఇంకా ఆగుతూనే ఉంది. ఈసారి జాలితో కాదు, ఆ రోజు నవ్వు సంగతి అడగడానికి. బస్సుల్లో ఆయన చెయ్యి కమ్మీ మీద పడకముందే టికెట్లన్నీ గాల్లోకి లేచేవి. సంచీ పెద్దమనిషి ఒకసారి నోరు తెరిచి “మా మేనత్త…” అనబోతే, బస్సు బస్సంతా ఒక్క గొంతుతో “బతికే ఉంది!” అంది. ఆయన గబగబా టికెట్ కొనుక్కున్నాడు.

ఆ నెలంతా కొత్త చీఫ్ ఇన్‌స్పెక్టరుకి టికెట్ లేకుండా పట్టుబడింది ఒక్కడే, టైంకీపరు. పాసు ఇంట్లో మర్చిపోయానంటూ, దాని వెనకాల ముసలి పిల్లి, కాలిన కూర, చిన్ననాటి స్నేహితుడి ఎడబాటు కలిపి ఒక విషాదం చెప్పాడు. చీఫ్ ఇన్‌స్పెక్టరు ఒక్క ముక్క వదలకుండా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కథ చాలా బాగా వచ్చిందని మెచ్చుకుని, రసీదు చింపి చేతిలో పెట్టాడు.